మ్యాచింగ్ జాకెట్టూ, టైమ్ మెషీనూ

చీర కొనడం గంట పని. దానికి మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ సంపాదించడం మూడు రోజుల పని. ఈ సంగతి మీకు నేను చెప్పాలా? షాపులో ట్యూబులైటు కింద చీరలో కలిసిపోయినట్టున్న ముక్క, ఇంటికొచ్చి వాకిట్లో పెట్టి చూస్తే "నువ్వెవరో నేనెవరో" అన్నట్టుంటుంది. అందుకే మా ఏలూరు ఆడవాళ్ళం చీర ఒక చేత్తో, తాను ఒక చేత్తో పట్టుకుని షాపు మెట్లు దిగి, వీధిలో ఎండకి పట్టి మరీ చూస్తాం. ఎక్కడికి పట్టుకుపోతామోనని షాపతను పాపం గుమ్మందాకా వస్తాడు.

ఈ విద్య నాకు ఈమధ్య ఎక్కడ అక్కరకొచ్చిందో చెబుతాను వినండి. జాకెట్టుకి కాదు, టైమ్ మెషీన్‌కి. నవ్వకండి మరి.

"ఆదిత్య 369" మీలో చాలామంది చూసే ఉంటారు. 1991 జూలైలో వచ్చింది. సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన సినిమా. బాలకృష్ణ టైమ్ మెషీన్ ఎక్కి ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, ఇంకోసారి రాబోయే కాలానికీ వెళ్ళొస్తాడు. మా పెద్దన్నయ్య అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో గుమాస్తా. ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు. నాలుగోసారి వెళ్ళింది కథ కోసం కాదట, ఆ యంత్రం వెనకవైపు ఎలా ఉందో చూద్దామనిట! ఆ వచ్చిన సంక్రాంతికి కొడుక్కి ఒక టైమ్ మెషీన్ చేసిచ్చాడు. అట్ట, నూనె డబ్బా రేకు, చెడిపోయిన టార్చిలైటు అద్దం, నెత్తిన సైకిలు బెల్లు మూత. మూరెడు ఎత్తుంటుంది. అప్పట్నుంచీ ప్రతి సంక్రాంతికీ మా పుట్టింటి బొమ్మల కొలువులో అది ఉండాల్సిందే. కొండపల్లి దశావతారాల పక్కన పదకొండో అవతారంలా కూర్చునేది. పేరంటానికొచ్చిన ముత్తయిదువలు "ఇదేం బొమ్మమ్మా" అని అడక్కుండా పసుపు రాయించుకున్న ఏడాది లేదు.

అన్నయ్య పోయి మూడేళ్ళయింది. మొన్న వానల్లో అటక మీద కారి ఆ బొమ్మ తడిసింది. ఒక పక్క రంగంతా పొట్టు పొట్టుగా లేచిపోయింది. మా వదిన దాన్ని పాత దుప్పట్లో చుట్టి, ప్యాసింజరు బండిలో ఒళ్ళో పెట్టుకుని ఏలూరు తీసుకొచ్చింది. "అమ్మాయ్, చిన్నప్పట్నుంచీ బొమ్మలకి రంగులేసే చెయ్యి నీదే కదా. బాగు చెయ్యి. కానీ ఒకటే మాట. మీ అన్నయ్య చేసింది మీ అన్నయ్య చేసినట్టే ఉండాలి" అంది.

మా మేనల్లుడికి ఈ సంగతి తెలిసి ఫోను చేశాడు. "అత్తా, నాన్న గుర్తున్నంతవరకూ ఏదో రంగు వేశాడు. ఇప్పుడు సినిమా 4కేలో మళ్ళీ వచ్చింది కదా, అందులో ఉన్న అసలు రంగే వేసెయ్" అన్నాడు. నిజమే, 2025 ఏప్రిల్‌లో ఆ సినిమా కొత్త ప్రింటుతో మళ్ళీ విడుదలైంది. వాడి కూతుర్ని వెంటబెట్టుకుని నేనూ వెళ్ళి చూసొచ్చాను. చూసొచ్చాక నా పని మరీ కష్టమైంది. తెర మీద వెలుతురు మారినప్పుడల్లా దాని రంగూ మారుతూనే ఉంది! ఎందుకు మారదు చెప్పండి. ఆ సినిమాకి ఒక్కరు కాదు, పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. ఒక్కొక్కరి దీపాలు ఒక్కో తీరు. ఆపైన 1991 నాటి ఫిల్ము, దానికి తీసిన ప్రింట్లు, టీవీలో వేసినప్పటి రంగులు, ఇప్పుడు కంప్యూటర్లో శుభ్రం చేసిన రంగులు. ఇందులో దేన్ని అసలు అనమంటారు?

ఇది నా ఒక్కదాని తలనొప్పే అనుకున్నా కానీ కాదుట. అమెరికాలో, ఇంగ్లండులో సినిమాల్లో వాడిన వస్తువులకి నకళ్ళు చేసుకునేవాళ్ళు బోలెడుమంది. తుపాకీ, రోబో, అంతరిక్ష నౌక ఏదైనా సరే, రంగు కుదరలేదంటే నిద్రపోరు. "స్టార్ వార్స్" అని 1977లో వచ్చిన సినిమాలో ఆర్2-డీ2 అని ఒక పొట్టి రోబో ఉంటుంది, చెత్తడబ్బాలా గుండ్రంగా. దాని మీద నీలం పట్టీలు. కానీ విమానంలో కూర్చుని అంతరిక్షంలో ఎగిరే చోట మాత్రం ఆ పట్టీలు నల్లగా కనిపిస్తాయి. కారణం ఏమిటంటే, అలాంటి దృశ్యాలు నీలి తెర ముందు తీసి, నీలంగా ఉన్నదంతా తీసేసి అక్కడ ఆకాశం అతికిస్తారు. పట్టీలు కూడా నీలంగా ఉంటే వాటి స్థానంలోనూ ఆకాశమే వస్తుంది! అందుకని అక్కడ నలుపు. మరి ఆ రోబో బొమ్మ చేసుకునేవాడు నీలం వెయ్యాలా, నలుపు వెయ్యాలా? వాళ్ళ తగాదాలు వాళ్ళవి.

మన "మాయాబజార్" సంగతే తీసుకోండి. శశిరేఖ తెరవగానే అభిమన్యుడు కనిపించే ప్రియదర్శిని పెట్టె ఉంది చూశారూ. 1957 నాటికి మన ఇళ్ళల్లో టీవీ అన్నమాటే లేదు, అలాంటిది ఆ ఊహ చూడండి. మన నూజివీడులో పుట్టిన ఎస్.వి.రంగారావుగారి ఘటోత్కచుడి గద ఎంత గొప్పదో నాకు ఆ పెట్టె అంత గొప్పది. ఎప్పటికైనా చేసి కొలువులో పెట్టాలని నా కోరిక. కానీ దానికి ఏ రంగు వెయ్యాలి? సినిమా నలుపు తెలుపు. ఆ రోజుల్లో సామానుకి రంగు వేసేటప్పుడు కంటికి బావుందా లేదా అన్నదానికంటే, తెర మీద ఏ ఛాయ బూడిదగా పడుతుందన్నది ముఖ్యం. 2010లో హైదరాబాదులో ఒక సంస్థ ఆ సినిమాకి రంగులద్ది విడుదల చేసింది. చూడ్డానికి బావుంది. అయితే అవి ఎవరో కూర్చుని ఆలోచించి ఎంచిన రంగులు కానీ, ఆనాడు సెట్టులో ఉన్న రంగులు అవునో కాదో తెర చూసి చెప్పలేం కదా.

సరే, నా బొమ్మ దగ్గరికి వస్తాను.

మొదట చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి. రంగు బాగా ఉన్న రేకు ముక్క ఒకటి జాగ్రత్తగా ఊడదీసి, రంగుల కొట్టుకి తీసుకెళ్ళాను. ఇప్పుడు కొట్లలో కంప్యూటరు మిషన్లు ఉంటున్నాయి. రంగు ముక్క చూపిస్తే కొలిచి, ఏ రంగు ఎన్ని చుక్కలు కలపాలో అదే లెక్క చెప్పి కలిపేస్తుంది. అర లీటరుకి తక్కువ కలపమన్నారు. నాకు కావలసింది కాఫీ గ్లాసుడు. అయినా తీసుకున్నాను. ఇంటికొచ్చి చిన్న అట్ట ముక్క మీద వేసి బొమ్మ పక్కన పెడితే, అది బూడిద రాసిన బీరకాయలా ఉంది. తప్పు కొట్టువాళ్ళది కాదు, నాది. ముప్ఫై ఏళ్ళ దుమ్ము, కొలువు ముందు వెలిగించిన దీపాల పొగ, అన్నీ కలిపి మిషనుకి చూపించాను. అది చూసింది చూసినట్టు కలిపింది. పైగా అన్నయ్య వేసిన దాంట్లో వెండి తళుకుంది. ఒకవైపునుంచి చూస్తే ఒకలా, ఇంకోవైపునుంచి చూస్తే ఇంకోలా ఉండే ఆ తళుకుని ఒక్క చూపులో పట్టుకోవడం ఆ చిన్న మిషను వల్ల అయ్యే పని కాదు. ఆ అర లీటరూ పెరట్లో గేటుకి వేయించాను. గేటు మాత్రం నిక్షేపంగా ఉంది.

మా ఏలూరు తివాచీలకి పేరున్న ఊరని మీకు తెలుసు. ఊలు దారాలకి రంగులద్దే పెద్దాయన ఒకాయన మాకు తెలిసినవారు. ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ముక్క చూసి, కొట్టువాడు అడగని రెండు ప్రశ్నలు అడిగారు. "దీన్ని ఎప్పుడైనా కడిగారా అమ్మా?" అని ఒకటి. "ఆయన ఏం సరుకు కలిపి చేశారు?" అని ఇంకోటి. నాకు రెండింటికీ జవాబు లేదు. అప్పుడాయన చెప్పిన మాట నాకు జాకెట్టు గుడ్డల బాధ మొత్తం విప్పేసింది. రెండు రంగులు ఒక వెలుతుర్లో ఒకటిగా కనిపించి, ఇంకో వెలుతుర్లో విడిపోతున్నాయంటే, ఆ రెండింట్లో వేసిన రంగు సరుకు వేరు వేరు అన్నమాట. సరుకు ఒకటే అయితే ఎండలో చూడు, దీపం దగ్గర చూడు, ఒకటిగానే ఉంటాయి. కాబట్టి కంటికి కలిసేదాకా ఏవేవో కలుపుతూ కూర్చోవద్దు, ఆయన ఏం వాడారో అది పట్టుకోండి అన్నారు. తడి ఊలు చూసి రంగు నిర్ణయించేవాడు నష్టపోతాడని కూడా అన్నారు. తడిగా ఉన్నప్పుడు ముదురు, ఆరితే తేలిక.

ఇంటికొచ్చి ముందు బొమ్మని శుభ్రం చేశాను. గిన్నెడు నీళ్ళలో రెండు చుక్కలు షాంపూ, దూది పుల్లలు. దూది తడిపి, పిండేసి, అంగుళం అంగుళం అద్దడమే, రుద్దకూడదు. అట్ట భాగాల జోలికి తడి పోనివ్వలేదు. దూదికి ఎంత నలుపొచ్చిందో! సైకిలు బెల్లు మూత ఊడదీసేసరికి దాని కింద రూపాయి కాసంత మేర, దుమ్మూ పొగా చూడని రంగు కనిపించింది. నేనూ వదినా ఇద్దరం గతుక్కుమన్నాం. మేం ఇన్నేళ్ళూ ఆకుపచ్చ పొడ ఉన్న బూడిదరంగు అనుకుంటున్నది, అక్కడ చక్కటి నీలి వెండి!

ఇంకో సంగతి. మన ఎనామిల్ పెయింట్లు నూనెతో చేసినవి. కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతాయి. వెలుతురు తగలని చోట మరీను. తలుపు వెనకాల, అల్మైరా లోపల తెల్ల ఎనామిల్ పచ్చబడడం మీరు చూసే ఉంటారు. ఏడాదికి మూడు రోజులు కొలువు, మిగతా రోజులన్నీ అటక మీద చీకటి. నీలం మీద పసుపు పడితే ఏమవుతుంది? ఆకుపచ్చ పొడ వస్తుంది. మూత కింద రంగు కూడా చీకట్లోదే కదా అంటారేమో. నాకూ ఆ అనుమానం వచ్చింది. అయినా పొగా దుమ్మూ తగలకపోవడం వల్ల కాబోలు, మిగతాదానికంటే ఎంతో నయంగా ఉంది.

వదిన ఆ ముక్కని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "ఇది మన వంటింటి తలుపు రంగే అమ్మాయ్" అంది. ఆ ఏడాది ఇంటికి రంగులు వేయించారట. తలుపులకి వేసిన నీలం అడుగున కొంచెం మిగిలితే, కిటికీ ఊచలకి వేసిన వెండి రంగులో కలిపి అన్నయ్య బొమ్మకి వేశాడట. "డబ్బా పారెయ్యొద్దని నాతో పోట్లాడాడు, నాకు ఇప్పుడు గుర్తొస్తోంది" అంది. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నేను కాఫీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళాను.

ఆ వంటింటి తలుపు ఇప్పటికీ ఉంది. తర్వాత రెండుసార్లు ఆకుపచ్చ వేశారు. మేనల్లుణ్ణి బందు మేకులు ఊడదీసి కింద చూడమన్నాం. బందు రేకు కింద పాత నీలం అలాగే ఉంది. వాడు సెల్‌ఫోన్లో ఫోటో తీసి పంపించాడు. ఫోటో చూసి రంగు కలపకండి. ఫోను తన ఇష్టమొచ్చినట్టు తెలుపు దిద్దుకుంటుంది, మన తెర తన ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది. బందు రేకే పట్టుకు రమ్మన్నాను. ఈసారి కొట్టులో ఆ నీలం ముక్క తుడిచి చూపిస్తే తయారు డబ్బాల్లోనే దాదాపు అదే దొరికింది, వంద మిల్లీలీటర్ల బుడ్డి. వెండి పెయింటు ఇంకో బుడ్డి.

కలపడం మనకి తెలిసిన విద్యే. పులుసులో ఉప్పు వేసినట్టు. వెండిలో నీలం పుల్లతో చుక్క చుక్కగా వెయ్యాలి. అదే నీలంలో వెండి పొయ్యడం మొదలుపెడితే డబ్బా నిండుతుంది కానీ రంగు తేలదు. కలిపిన ప్రతిసారీ పాత శుభలేఖ వెనకవైపు ఒక గీత గీసి, పక్కన ఎన్ని చుక్కలో రాసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న ఎనిమిది తొమ్మిది గంటలకి ఉత్తరం కిటికీ దగ్గర నీడలో బొమ్మకి ఆనించి చూసేదాన్ని. నేరుగా ఎండలో వెండి తళుకు కళ్ళకి కొట్టి ఏమీ తెలియదు. ఏడో గీతకి మూత కింద రంగు కుదిరింది.

పాత రంగు గీకే పని ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. పాత ఎనామిల్ పెయింట్లలో సీసం ఉండేది. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకి 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగుని పొడి గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి పిల్లల నోళ్ళలోకి పోతుంది. తడి గుడ్డతో తుడవండి, తప్పనిసరైతే గరుకు కాగితం తడిపి రుద్దండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. టర్పెంటైన్ సీసా పొయ్యి దరిదాపుల్లో పెట్టకండి. రంగు చేత్తో వంటింట్లోకి అసలే వద్దు.

రంగు కుదిరింది కదా, ఇక బొమ్మంతా వేసేద్దామని కుంచె పట్టుకున్నాను. అక్కడ ఆగాల్సొచ్చింది. బొమ్మంతా వేస్తే మెరిసిపోతుంది. కానీ అన్నయ్య కుంచె గీతలన్నీ కిందకి పోతాయి. ఒక మూల ఆయన బొటనవేలి ముద్ర కూడా ఉంది, రంగు ఆరకముందే ముట్టుకున్నట్టున్నాడు.

అమెరికాలో "స్టార్ ట్రెక్" అని పాత టీవీ సీరియల్. అందులో ఎంటర్‌ప్రైజ్ అనే నౌక. దాని అసలు నమూనా 11 అడుగుల పొడవు, 1964లో చేసినది. 1974లో దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. మధ్యలో కొన్నిసార్లు బాగుచేసి పైపైన రంగులు వేశారు. అందులో ఒకటి, చిత్రంగా, మా అన్నయ్య బొమ్మకి రంగు వేసిన 1991లోనే! అభిమానులు ఆ రంగు చూసి ఏళ్ళ తరబడి సణుక్కున్నారు. కానీ దాని పళ్ళెంలాంటి భాగం పైవైపు మాత్రం మొదటి రంగుని ఎవరూ ముట్టుకోలేదు. 2016లో పూర్తిచేసిన మరమ్మతులో ఆ భాగాన్ని అలాగే ఉంచి, దాన్ని చూసి మిగతాదానికి రంగు కుదిర్చారు. అది కూడా ఏ రంగనుకున్నారు? తెర మీద తెల్లగా కనిపించేది, నిజానికి కొంచెం ఆకుపచ్చ పొడ ఉన్న బూడిద.

నేనూ ఆ దారే పట్టాను. వదినని అడిగాను, "మూత కింద ఉన్న రంగా, పైన ఉన్న రంగా, ఏది కావాలి?" అని. ఆవిడ తడుముకోలేదు. "ముప్ఫై ఏళ్ళు నేను చూసింది పైదే కదా, అదే ఉంచు" అంది. కాబట్టి మిగిలిన పాత రంగు మీద చుక్క కూడా పడనివ్వలేదు. లేచిన పొట్టుని అట్ట మీద నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో సన్న కుంచెతో అంటించాను. రంగు పూర్తిగా రాలిపోయిన చోట్లకి మాత్రమే కొత్త రంగు, అందులో ముదురు పసుపు ఎనామిల్ రెండు చుక్కలు కలిపి. అలా కలిపేసరికి పెద్దాయన చెప్పిన సరుకు సూత్రం కొంచెం తప్పిందని నాకు తెలుసు. వయసుని డబ్బాలో పోసి అమ్మరు కదా.

మా మనవరాల్ని మధ్యలో ఒక ఆదివారం ఆటపాక తీసుకెళ్ళాను, కైకలూరు దగ్గర, కొల్లేట్లో పక్షుల్ని చూపించడానికి. చెట్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. "మామ్మా, తెల్లగా ఉన్నాయే" అంది దూరం నుంచి. దగ్గరికి పడవ వెళ్ళేసరికి "కాదు, బూడిద రంగు" అంది. ఇంకాసేపటికి ఎండ అటు తిరిగాక "ఆగు, గులాబి కూడా ఉంది" అంది. దీనికి రంగుల కన్ను ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ సంక్రాంతికి టైమ్ మెషీన్ మళ్ళీ దశావతారాల పక్కకి చేరింది. పగలు వాకిలి వెలుతుర్లో ఎక్కడ అతికానో నాకే తెలియలేదు. సాయంత్రం లైటు వేసేసరికి కుడి పక్క అరచేతిమేర కాస్త తేడాగా తేలింది. ఆ పసుపు చుక్కలే. వదిన అటే చూసింది, నా వంక కూడా చూసింది. బొమ్మని కొంచెం ఎడమకి తిప్పి పెట్టి, శనగలు కలపడానికి వెళ్ళింది.

ఏడు గీతలున్న ఆ శుభలేఖని మాత్రం బొమ్మ అడుగున లోపలివైపు అంటించాను. ఏ రంగు ఎన్ని చుక్కలో, ఏ కంపెనీ డబ్బానో, ఎప్పుడు వేశానో అన్నీ రాసి. మనవరాలు అది చూసి, "మామ్మా, వచ్చే ఏడాది మనం 'కల్కి'లో బుజ్జిని చేద్దామా?" అంటోంది. 2024లో వచ్చిన సినిమా కదా, ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే ఆ బండి. సైకిలు బెల్లు మూతలు రెండు సంపాదించాను, మూడోది వెతకాలి.